చూసే కంటికి బాధ్యత లేదా?

మొన్న మన సంఘం ఉగాది సమావేశంలో భోజనాలయ్యాక, పిల్లల కార్యక్రమం మొదలయ్యేలోగా ఒక అరగంట ఖాళీ దొరికింది. నలుగురు తెలుగువాళ్ళు చేరినచోట అరగంట ఖాళీ దొరికితే ఏం జరుగుతుందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. వాదన జరిగింది.

దానికి కారణం చాలా చిన్నది. వేదిక పక్కన పిల్లలు వేషాలు వేసుకుంటూ వుంటే ఒకాయన ఫొటోలు తీస్తున్నారు. ఒక యువతి ఆయన దగ్గరికి వెళ్ళి, "మా పాపను మాత్రం తీయకండి, ఏమీ అనుకోకండి" అని మెల్లగా చెప్పింది. ఆయన పాపం నొచ్చుకున్నారు. మేమంతా పిన్నిగారు అని పిలుచుకునే పెద్దావిడ అది విని వూరుకోలేదు. "ఫొటో తీస్తే పిల్లకేం తరిగిపోతుందమ్మా? ఈ దేశపు రాజుగారి మనవణ్ణే లోకమంతా చూసింది. అదీ తనివితీరా చూడనిచ్చారా! 2014లో ఆ జార్జి బాబును ఎత్తుకుని న్యూజీలాండు, ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు నేను రోజూ టీవీ ముందే కూర్చున్నాను. వాళ్ళమ్మనీ నాన్ననీ చూపించడమే గాని పిల్లాణ్ణి బయటికి తెచ్చింది ఏ నాలుగైదు సార్లో. అంతదూరం తీసుకెళ్ళి లోపల దాచిపెట్టడమేమిటి?" అన్నారు. పక్కనున్న మిత్రుడొకాయన, "నిజమేనండీ, ప్రజల డబ్బుతో తిరిగేటప్పుడు చూపించి తీరాలి" అని బలపరిచారు. ఆ యువతి ఒక్కటే మాట అంది: "ఆ బాబును ఎవరైనా అడిగారా, బాబాయిగారూ?"

అందరం నవ్వాం. తొమ్మిది నెలలైనా నిండని పిల్లాణ్ణి అడగడమేమిటని. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి ఆలోచించిన మీదట అది నవ్వి తీసెయ్యవలసిన ప్రశ్న కాదనిపించింది. పిన్నిగారి కోపంలో ప్రేమ వుంది. మిత్రుడి మాటలో న్యాయం వున్నట్టే కనిపిస్తుంది. అయినా ఆ అమ్మాయి అడిగినదానికి మా దగ్గర జవాబు లేదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు జరిగిన సంగతులు గుర్తు చేసుకుందాం. పూర్వం రాజదంపతులు సముద్రాలు దాటి వెళ్ళేటప్పుడు పిల్లలను వెంట తీసుకెళ్ళేవారు కాదు. 1927 జనవరిలో యార్కు డ్యూకు దంపతులు కాన్‌బెర్రాలో పార్లమెంటు భవనం ప్రారంభించడానికి ఓడెక్కినప్పుడు వారి పసిబిడ్డకు ఎనిమిది నెలలు. ఆరు నెలల తర్వాత తిరిగి వచ్చేసరికి ఆ బిడ్డ మొదటి పుట్టినరోజు కూడా దాటిపోయింది. ఆ బిడ్డే తర్వాత రెండవ ఎలిజబెత్ రాణి. చూడని ఆ పాప కోసం అక్కడి జనం ఇచ్చి పంపిన బొమ్మలు మూడు టన్నులని చెప్తారు. ఆమె రాణి అయ్యాక 1953 నవంబరులో తానూ అలాగే బయలుదేరింది. ఐదేళ్ళ చార్లెస్, మూడేళ్ళ ఆన్ ఇంట్లోనే వుండిపోయారు. సుమారు ఐదు నెలల తర్వాత, 1954 మే నెలలో, బ్రిటానియా అనే కొత్త ఓడలో వాళ్ళను లిబియాలోని టోబ్రుక్ దాకా పంపిస్తే అక్కడ తల్లిని కలుసుకున్నారు. ఆ యాత్రలో ఆస్ట్రేలియా జనాభాలో ముప్పాతిక వంతు మంది ఎక్కడో ఒకచోట రాణిని కళ్ళారా చూశారని అంచనా.

1983లో పద్ధతి మారింది. చార్లెస్, డయానా తొమ్మిది నెలల విలియమ్‌ను వెంటబెట్టుకుని మార్చి 20న ఆలిస్ స్ప్రింగ్స్‌లో దిగారు. బిడ్డను వదిలి వుండలేని తల్లి అని జనం మెచ్చుకున్నారు. కాని యాత్ర జరిగిన తీరు చూస్తే, బిడ్డ న్యూ సౌత్ వేల్స్‌లో వూమర్‌గామా అనే గొర్రెల క్షేత్రంలో ఆయాతో వున్నాడు. తల్లిదండ్రులు వూళ్ళు తిరిగి మధ్యమధ్య వచ్చి చూసిపోయేవారు. వీధుల్లో జనం విపరీతం. దంపతులు వీధికి చెరోవైపు నడుస్తుంటే, చార్లెస్ తమవైపు వస్తున్నాడని తెలిసి అటువైపు జనం ఉస్సురుమనేవారట. చివరికి ఏప్రిల్ 23న ఆక్లండులో గవర్నరుగారి బంగళా పచ్చికలో తివాచీ పరిచి, విలియమ్‌ను దానిమీద వదిలి, పత్రికలవాళ్ళను పిలిచారు. న్యూజీలాండు పిల్లలందరికీ తెలిసిన బజ్జీ బీ అనే చెక్కబొమ్మతో ఆ బిడ్డ ఆడుకున్న ఫొటో లోకమంతా తిరిగింది.

ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత ఆ బిడ్డే తన బిడ్డను ఎత్తుకుని అదే దారిన వెళ్ళాడు. 2014 ఏప్రిల్ 7న గాలీ వానా మధ్య వెల్లింగ్టన్‌లో దిగారు. 9న అక్కడి పసిపిల్లలు కొందరిని పిలిచి జార్జితో ఆడించారు. 20న, ఈస్టరు నాడు, సిడ్నీలో తరోంగా జంతుశాలకు తీసుకెళ్ళి బిల్బీ అనే చిన్న జంతువును చూపించారు. పిన్నిగారు ఎదురుచూసి చూసిన దృశ్యాలు ఇవే.

ఇక పత్రికలు ఏం చేశాయో చూడండి. బహుమతిగా ఇచ్చిన బిల్బీ బొమ్మను పిల్లాడు కింద పడేశాడని ఒక వార్త. వాడు తొడుక్కున్న రకం బట్టలు దుకాణాల్లో చెల్లిపోయాయని ఒక వార్త. బుగ్గలు తాతవా, తండ్రివా అని ఒక విచారణ. అన్నిటికన్నా విచిత్రం, రాచరికం వద్దనేవారి పాలిట వీడొక మృత్యువు అని కొందరు చమత్కరించడం. పాలు మానని పసివాడిని ఒక రాజకీయ పక్షానికి సేనాపతిని చేశారన్నమాట! 2016లో కెనడా వెళ్ళినప్పుడు ఇంకో వింత జరిగింది. మూడేళ్ళ జార్జి సుదీర్ఘమైన విమాన ప్రయాణం చేసి దిగాడు. ప్రధానమంత్రి ట్రూడో మోకాళ్ళమీద కూర్చుని చెయ్యి చాపితే వాడు చెయ్యి కలపలేదు. మన ఇళ్ళల్లో అయితే "కొత్త కదండీ, సిగ్గుపడుతున్నాడు" అని వూరుకుంటాం. అది దేశదేశాల్లో వార్త అయింది, ప్రధానమంత్రికి చిన్న యువరాజు మొండిచెయ్యి చూపించాడని.

ఇవన్నీ సరదాకి రాసినవే కదా, ఇందులో తప్పేమిటి అని అడగవచ్చు. చూసేవారి తరఫున మూడు వాదాలున్నాయి. వాటిని ఒక్కొక్కటే తూచి చూద్దాం.

మొదటిది మా మిత్రుడి వాదం, డబ్బు మనదయినప్పుడు చూసే హక్కూ మనదే అని. ఇందులో సగం నిజం. రాజకుటుంబం యాత్రకు వెళితే రక్షణకూ, ఏర్పాట్లకూ ప్రజల డబ్బు ఖర్చవుతుంది. ఆ డబ్బుకు లెక్క అడగవచ్చు. మీరెందుకు వచ్చారని అడగవచ్చు. మాకు రాజు ఎందుకు అని కూడా అడగవచ్చు. ఆస్ట్రేలియా ప్రజలు 1999 నవంబరులో ఓటుపెట్టెల ద్వారా ఆ ప్రశ్న వేసుకుని, నూటికి సుమారు 55 మంది గణతంత్రం వద్దని తేల్చుకున్నారు. 2022 మార్చిలో విలియమ్ దంపతులు జమైకా వెళ్ళినప్పుడు ఆ దేశపు ప్రధాని హోల్‌నెస్ కెమెరాల ఎదుటే, మా దారి మేము చూసుకుంటున్నామని మర్యాదగా చెప్పేశాడు. పదవిలో వున్నవారిని అడగవలసిన పద్ధతి అది. అయితే మనం కట్టే డబ్బు కొనేది పదవి చేసే పనిని. పసిబిడ్డకు పదవి లేదు, ప్రమాణం చేయలేదు, జీతం పుచ్చుకోలేదు. వూరి గుడి పూజారికి వూరంతా కలిసి వడ్లు కొలుస్తుంది. అంతమాత్రాన పూజారిగారి ఇంట్లో వుయ్యాల దగ్గరికి వెళ్ళి తెర తొలగించి చూసే హక్కు వూరికి వస్తుందా?

ఇందులో ఇంకో చిక్కు కూడా వుంది. లెక్క అడగవలసిన చోట మనం బుగ్గలు చూసి మైమరిచిపోతాం. 2014లో జరిగింది అదే. రాచరికం కావాలా వద్దా అన్న గట్టి ప్రశ్నకు ఒక బిడ్డ నవ్వు జవాబుగా చెల్లిపోయింది. రాచరికం కావాలనేవారు ఇందుకు సంతోషించారు. కాని వారు కూడా ఒక్క క్షణం ఆగి చూడాలి, తమ పక్షాన వాదించడానికి పెద్దలెవరూ లేకనా తొమ్మిది నెలల పిల్లాణ్ణి ముందుకు తోశారు? మనిషిని ఎప్పుడూ మన పనికి పనిముట్టుగా మాత్రమే వాడుకోకూడదని జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో రాశాడు. పెద్దవాణ్ణి వాడుకోబోతే "నేను రాను" అనగలడు. పసివాడు అనలేడు.

రెండవ వాదం కాస్త లోతైనది. రాజు అంటేనే కనిపించేవాడు, కనిపించని రాజు రాజే కాడు అని. దీనికి మన దేశంలోనే మంచి నిదర్శనాలున్నాయి. మొగలాయి చక్రవర్తులు పొద్దున్నే ఝరోఖా అనే గవాక్షం దగ్గర నిలబడి జనానికి దర్శనమిచ్చేవారు. 1657లో షాజహాన్ జబ్బుపడి కొన్నాళ్ళు కనిపించకపోయేసరికి చక్రవర్తి పోయాడని పుకార్లు పుట్టాయి, కొడుకులు నలుగురూ కత్తులు దూశారు. దర్శనానికి అంత బలం వుంది. ఆ సంగతి తెలిసే కాబోలు, 1911 ఢిల్లీ దర్బారు మర్నాడు అయిదవ జార్జి చక్రవర్తీ, మేరీ రాణీ ఎర్రకోట గవాక్షంలో కూర్చుని జనానికి కనిపించారు. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి హైదరాబాదు వచ్చి, తన పెళ్ళిరోజు నాడు బొల్లారం చర్చికి ప్రార్థనకు వెళ్ళింది కూడా ఆ పరంపరలో భాగమే. సరే. కాని గమనించండి. గవాక్షంలోకి రావడం, నిలబడడం, ఎంతసేపు నిలబడాలో నిర్ణయించుకోవడం, లోపలికి వెళ్ళిపోవడం, ఇవన్నీ చక్రవర్తి చేతిలో వున్నాయి. దర్శనం ఇచ్చేది, అంటే ఒకరు ఇస్తే మరొకరు పుచ్చుకునేది. ఇవ్వడం చేతగానివాడి దగ్గర తీసుకునేదాన్ని దర్శనం అనరు. దానికి వేరే మాట వుంది.

మూడవ వాదం పిన్నిగారిది. అది అన్నిటికన్నా బలమైనది, ఎందుకంటే అందులో స్వార్థం లేదు. మేము ప్రేమతో చూస్తాం, ప్రేమతో చూస్తే ఎవరికేం నష్టం అని. దీనికి జవాబు ఆవిడకీ నాకూ చిన్నప్పటినుంచి తెలిసిన విషయంలోనే వుంది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందంటారు మనవాళ్ళు. దిష్టి అంటే అసూయపడేవారి కన్నే అనుకుంటాం గాని, మన ఆడవాళ్ళు అంతటితో ఆగలేదు. బిడ్డను ముస్తాబు చేసి మురిసిపోతూ, "నా దిష్టే తగిలేట్టుంది నాయనా" అని తల్లి తన కన్ను తానే తిప్పుకుంటుంది. చూపు ప్రేమదైనా సరే దానికి బరువు వుంటుందని, ఆ బరువు మోసేది బిడ్డ అని ఆ మాటకు అర్థం. ఉప్పూ మిరపకాయలూ నిప్పుల్లో వేస్తే దిష్టి పోతుందా లేదా అన్నది నేను తేల్చలేను. నేను ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి, పోతుందని చెప్పలేను. కాని ఆ నమ్మకం కింద వున్న నీతి మాత్రం నాకు రోజురోజుకూ గట్టిగా కనిపిస్తోంది.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. 1981లో మా పెద్దవాడికి పదో నెలలో మొదటిసారి ఇంటికి తీసుకెళ్ళాం. బొంబాయిలో దిగి, రెండో రోజుకు రైల్లో విజయవాడ చేరి, అక్కణ్ణించి బస్సులో మా వూరు వెళ్ళేసరికి వీధి వీధంతా మా ఇంటి ముందు వుంది. లండన్ పిల్లాడు వచ్చాడని! మేమున్నది లండన్ కాదని చెప్పినా ఎవరూ వినలేదు. వాణ్ణి ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకున్నారు. తెలుపా నలుపా అని ఒకరు, తెలుగులో ఏడుస్తాడా ఇంగ్లీషులో ఏడుస్తాడా అని ఒకరు. నేను గర్వంగా నవ్వుతూ నిలబడ్డాను. మా ఆవిడ ముఖం చిన్నబోవడం నేను చూడలేదు, తర్వాత తను చెప్తే తెలిసింది. పిల్లాడు గుక్కపట్టాడు.

అప్పుడు మా నాయనమ్మ లోపలినుంచి వచ్చింది. ఎవరినీ తిట్టలేదు. పిల్లాణ్ణి తీసుకుని లోపలికి వెళ్ళి, పాలు పట్టించి, బుగ్గమీద ఒకటి, అరికాల్లో ఒకటి కాటుకచుక్క పెట్టి, నిద్ర మొహం తేరుకున్నాక తనే అరుగుమీదికి తెచ్చి కూర్చుంది. "రండమ్మా, చూడండి" అంది. అందరూ చూశారు. ముట్టుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. కాసేపయ్యాక, "చూశారుగా, ఇక బిడ్డ పడుకుంటాడు" అని లేచి తలుపు వేసేసింది. ఎవరూ నొచ్చుకోలేదు. మర్నాడు అదే వేళకు మళ్ళీ వచ్చారు.

ఆక్లండు పచ్చికలో 1983లో జరిగిందీ, వెల్లింగ్టన్‌లో 2014లో జరిగిందీ మా అరుగుమీద జరిగినదే అని నాకిప్పుడు తోస్తుంది. కాటుకచుక్క చేసే పని ఏమిటి? కన్ను బిడ్డమీద పడకుండా చుక్కమీద పడి ఆగాలని. కొంత చూపు ఇచ్చి మిగతా చూపును ఆపడం. రాజకుటుంబం పిలిచి ఇచ్చే ఫొటో కూడా అలాంటి చుక్కే. ఇదిగో చూడండి, ఇక మిగతాది మా బిడ్డది అని. పిన్నిగారు "దాచిపెట్టారు" అన్నది నిజానికి దాచడం కాదు, తలుపు వెయ్యడం.

చిక్కెక్కడ వచ్చిందంటే, మా వూళ్ళో తలుపు వేస్తే వేసినట్టే. ఇక్కడ తలుపు వేశాక కిటికీలోంచి తొంగిచూసేవారున్నారు, ఆ తొంగిచూపును కొనుక్కునేవారున్నారు. అక్కడి వీధుల్లో ఉస్సురుమన్న జనం ప్రేమించిన డయానా 1997 ఆగస్టు 31న పారిస్‌లో పోయింది. 2008లో ఇక్కడి జ్యూరీ, కారు నడిపినవాడి ఘోరమైన అజాగ్రత్తతో పాటు వెంటబడిన వాహనాల అజాగ్రత్త కూడా ఆ మరణానికి కారణమని తీర్పు చెప్పింది. ఆ వాహనాల్లో వున్నది ఫొటోలవాళ్ళు. ఆ తల్లి మనవడే జార్జి. 2015 ఆగస్టులో కెన్సింగ్టన్ పాలెస్ వారు పత్రికలకు ఒక బహిరంగ లేఖ రాశారు. పిల్లలు ఆడుకునే స్థలం పక్కన ఒక ఫొటోగ్రాఫరు అద్దెకారు ఆపి, కిటికీలకు దుప్పట్లు కట్టి, తిండీ నీళ్ళూ దగ్గర పెట్టుకుని, రెండేళ్ళ పిల్లాడి కోసం కారు డిక్కీలో పొంచి వున్నాడని అందులో రాశారు. బ్రిటిష్ పత్రికలు ఇలాంటి ఫొటోలు వేయడం మానుకున్నాయని, బయటి దేశాల పత్రికలు కొన్ని ఇంకా కొంటున్నాయని కూడా చెప్పారు. తల్లిదండ్రుల పేరుప్రతిష్ఠలు ఒక్కటే కారణంగా చూపించి పిల్లల సొంత విషయాలు అచ్చువేయకూడదని ఈ దేశపు సంపాదకుల నియమావళిలో వుంది. మంచి నియమమే. కాని నియమం అచ్చువేసేవాణ్ణి ఆపుతుందేగాని చూసేవాణ్ణి ఆపదు.

ఆ డిక్కీలో కూర్చున్నవాణ్ణి మనం తిట్టుకుంటాం. వాడు తన సరదాకి కూర్చోలేదు. ఎవరో కొంటారని కూర్చున్నాడు. ఆ పత్రికవాడు మరెవరో చూస్తారని కొంటాడు. ఈ గొలుసు పట్టుకుని వస్తే చివర వున్నది ఎవరు? సోఫాలో కాఫీ గ్లాసుతో కూర్చున్న మనమే.

అయితే చూడ్డమే పాపమా? అలా అనను. వెల్లింగ్టన్ వానలో గొడుగులు పట్టుకుని నిలబడ్డవారి సంతోషం అబద్ధం కాదు. బిడ్డను చూస్తే ముఖం విప్పారని మనిషి మనిషే కాడు. ఎవరి కంటా పడకుండా గోడల మధ్య పెరిగే బిడ్డకు కూడా మేలు జరగదు. చూపులో రెండు రకాలున్నాయని మాత్రం అంటాను. ఒకటి తనివితీరే చూపు. అరుగు ముందు నిలబడి, చూసి, "చల్లగా వుండాలి" అని దీవించి ఇంటికి వెళ్ళేది. రెండోది తనివి తీరనిది. ఒకటి చూస్తే ఇంకొకటి కావాలి. చూసిందానికి తీర్పు చెప్పాలి, వీడు మొండివాడు, వీడు బొద్దుగా వున్నాడు, వీడి తల్లి ఇలా ఎత్తుకుందేమిటి అని. మొదటి చూపులో బిడ్డకు మనం ఏదో ఇస్తాం. రెండోదానిలో తీసుకుంటాం. ఏది ఏదో తెలుసుకోవడానికి నాకొక చిన్న కొలత తోచింది. ఆ బిడ్డ తల్లి నా ఎదుట నిలబడి వుంటే ఇలాగే చూస్తానా, ఈ మాటే అంటానా? అనలేకపోతే ఆ చూపు తిప్పుకోవలసిందే.

ఇంతవరకూ రాసి, పెద్దమనిషిలా నీతి చెప్పి ముగిద్దామనుకున్నాను. కాని ఒక జ్ఞాపకం అడ్డం వచ్చింది. అది చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. మా వూరికి అది ఎంతో దూరం కాదు. సుమారు పదివేలమంది పోయారు. ఇక్కడ మనవాళ్ళం కొద్దిమందిమి చందాలు పోగుచేశాం. కరపత్రం వేయాలి. మన సైక్లోస్టైలు మిషను మీద ఫొటో సరిగ్గా పడదు కాబట్టి బయట అచ్చువేయించాం. నా దగ్గరికి నాలుగైదు ఫొటోలు వచ్చాయి. పడిపోయిన ఇళ్ళు, కూలిన తాటిచెట్లు, తినడానికి వరసలో నిలబడ్డ జనం. ఒకదాంట్లో ఒంటిమీద బట్టలేని ఒక చిన్నపిల్ల ఏడుస్తోంది. ఆ ఫొటో నేనే ఎంచాను. "ఇది చూస్తే ఎవరైనా జేబులో చెయ్యి పెడతారు" అన్నాను. అలాగే పెట్టారు. డబ్బు వచ్చింది, సద్వినియోగమయింది. అందులో నాకేమీ సందేహం లేదు.

కాని ఆ పిల్లను ఎవరైనా అడిగారా? ఆమె ఇప్పుడు బతికి వుంటే యాభై దాటి వుంటుంది. ఆమె జీవితంలో అతి ఘోరమైన రోజున, తల్లిదండ్రులు వున్నారో పోయారో తెలియని స్థితిలో వున్న ఆమె ముఖాన్ని నేను ఒక పరాయి దేశంలో ఇంటింటికీ పంచాను. మంచి పనికే పంచాను. జార్జి బాబును గణతంత్రం మీదికి తోసినవాళ్ళు కూడా తమది మంచి పనే అనుకున్నారు. రాజుగారి బిడ్డ తరఫున లేఖ రాయడానికి ఒక పాలెస్ వుంది, వకీళ్ళున్నారు, నియమావళి వుంది. ఆ దివిసీమ పిల్లకు బుగ్గన చుక్క పెట్టి, చెయ్యి అడ్డంపెట్టి, "చూశారుగా, ఇక చాలు" అని తలుపు వేయడానికి నాయనమ్మ కూడా లేదు. వున్నదల్లా నేనే. నేనేమో ఫొటో పెద్దదిగా వెయ్యమని చెప్పాను.

రాజకుటుంబం పిల్లల గురించి మనం ఆలోచించవలసింది వాళ్ళు రాజుల పిల్లలని కాదు. వాళ్ళ విషయంలో సంగతి బాగా వెలుతురులో కనిపిస్తుంది గనుక. పెద్దదీపం కింద చూసి నేర్చుకున్నది చిన్నదీపం దగ్గర పనికి రావాలి. ఇప్పటికీ మన సంఘం వారు అక్కడి బడులకూ ఆసుపత్రులకూ విరాళాలు పోగుచేస్తూనే వున్నారు. ప్రతి విజ్ఞప్తి మీదా ఒక పిల్లవాడి ముఖం వుంటూనే వుంది. ఇప్పుడు ఫొటో అచ్చువేయించనక్కరలేదు. ఫోనులో ఒక్క వేలితో వెయ్యిమందికి పంపవచ్చు. పంపే ముందు ఆ వేలు ఒక్క క్షణం ఆగితే చాలని నా మనవి. ఆ బిడ్డ ఏడుపు కాకుండా బడి గోడ చూపించినా మనవాళ్ళు డబ్బు ఇస్తారా? ఇవ్వరని మీరంటే, అది మన గురించి తెలుసుకోవలసిన విషయమే.

ఉగాది నాటి ఫొటోలు తీసిన మిత్రుణ్ణి మొన్న కలిశాను. ఆయన ఇంకా కొద్దిగా నొచ్చుకునే వున్నారు. "నేనేమైనా దొంగనా?" అన్నారు. కానేకారు. ఆ రోజు ఆ అమ్మాయి ఆయన్ని దొంగ అనలేదు. మా నాయనమ్మ చేసిన పనే చేసింది, మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టింది. వచ్చే ఏడు కార్యక్రమానికి ముందు తల్లిదండ్రులనూ, కాస్త మాటలు వచ్చిన పిల్లలనూ అడిగి తీద్దామని ఆయనే ప్రతిపాదించారు. మాటలు వచ్చిన పిల్లలను అడగడం నాకు తోచలేదు. ఆయనకు తోచింది.

పిన్నిగారికి ఈ వ్యాసం నచ్చుతుందో లేదో తెలియదు. ఆవిడ తన అభిప్రాయం రాసి పంపితే వచ్చే సంచికలో వేసుకుందాం. తక్కిన పాఠకులు కూడా రాయండి.